తెర మీద కూలే విమానం బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది?

పాత యుద్ధ సినిమా టీవీలో వస్తుంటే, చూస్తున్న పదేళ్ల పిల్లాడు కూడా ఒక ప్రశ్న అడుగుతాడు: "అది నిజం విమానం కాదు, బొమ్మ కదా?" వాడికి విమానాల రకాలు తెలియవు. ఏ దేశానిది ఏదో, ఏ ఇంజను ఎలా ఉంటుందో తెలియదు. అయినా మండుతూ సముద్రంలో పడ్డది బొమ్మేనని క్షణంలో పట్టేస్తాడు. అంతకు రెండు నిమిషాల ముందు అదే సినిమాలో, అమెరికా విమానానికి రంగు పూసి జపాన్ విమానమని చూపించినప్పుడు మాత్రం వాడికి ఏ అనుమానమూ రాలేదు. నిపుణులకు దొరికే తప్పులు వేరు, మామూలు కంటికి దొరికే తప్పులు వేరు అన్నమాట. మొదటి రకం తప్పుల మీద బోలెడు చర్చ జరిగింది. రెండో రకం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ కన్ను దేన్ని పట్టుకుంటుంది? వస్తువు ఆకారాన్ని కన్నా అది కదలడానికి పట్టే కాలాన్ని ఎక్కువగా పట్టుకుంటుందని ఈ అధ్యాయంలో చూపించబోతున్నాను. గగన యుద్ధ చిత్రాల్లో మనల్ని ఇబ్బంది పెట్టే పొరపాట్లు చాలా వరకు కాలం లెక్కలో జరిగినవే.

గగన యుద్ధమంటే ఐరోపా సంగతి, పసిఫిక్ సంగతి అనుకుంటాం గానీ అది మన గోదావరి తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, అడ్మిరల్ ఒజావా నడిపిన మరో నౌకాదళం బంగాళాఖాతంలో వర్తక నౌకలను వేటాడింది. ఆ దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, అప్పట్లో కోకనాడ అని రాసే కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడ నుంచి అన్నవరం రత్నగిరి కొండకు తిన్నగా కొలిస్తే దాదాపు 40 కిలోమీటర్లు; ఈ దూరం తర్వాత శబ్దం లెక్కలో పనికొస్తుంది. ఆ రోజును ఎవరైనా సినిమాగా తీస్తే ఏమేం తప్పులు దొర్లే అవకాశముంది? ఈ ప్రశ్నను దగ్గర పెట్టుకుంటే, ప్రపంచంలోని పెద్ద పెద్ద యుద్ధ చిత్రాలు ఎక్కడ తడబడ్డాయో మనకు సులువుగా అర్థమవుతుంది.

వేషం వేసిన విమానాలు

మొదటి చిక్కు విమానాలతోనే. జపాన్ యుద్ధ విమానం అనగానే అందరికీ జీరో గుర్తొస్తుంది. కానీ ర్యూజో నుంచి బాంబులు మోసుకొచ్చింది నకజిమా కంపెనీ తయారుచేసిన బి5ఎన్. దీన్ని మిత్రరాజ్యాల సైనికులు కేట్ అని పిలిచేవారు. ముగ్గురు కూర్చునే పొడుగాటి విమానం, 800 కిలోల బాంబునో టార్పెడోనో మోయగలది. అంతకు నాలుగు నెలల ముందు, 1941 డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్ మీద దాడి చేసినవాటిలో ఇదే రకం ముఖ్యమైనది. యుద్ధం అయ్యాక వీటిలో ఎగరగలిగేది ఒక్కటీ మిగల్లేదు. అందుకే 1970లో 'టోరా! టోరా! టోరా!' తీసినవాళ్లు అమెరికా శిక్షణ విమానాలైన టెక్సన్, వాలియంట్‌లను కోసి, పొడిగించి, తోకలు మార్చి జపాన్ విమానాలుగా తయారుచేశారు. ఆ పని ఎంత శ్రద్ధగా చేశారంటే, తర్వాత ఎన్నో సినిమాలు ఆ వేషం వేసిన విమానాలనే తెచ్చుకుని వాడుకున్నాయి.

1969 నాటి 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' సంగతి ఇంకా విచిత్రం. అందులో జర్మన్ మెస్సర్‌ష్మిట్‌లుగా, హైంకెల్ బాంబర్లుగా కనిపించేవి స్పెయిన్‌లో తయారై, స్పెయిన్ వైమానిక దళం వాడినవి. స్పెయిన్ వాళ్లు వాటికి బిగించిన ఇంజను రోల్స్ రాయిస్ మెర్లిన్. అంటే తెర మీద బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌ను తరిమే జర్మన్ విమానంలోనూ స్పిట్‌ఫైర్ ఇంజనే ఉందన్నమాట. కాస్త దగ్గరగా చూస్తే ఇది కంటికి కూడా కనిపిస్తుంది. అసలు మెస్సర్‌ష్మిట్ ఇంజనును తలకిందులుగా బిగించేవారు కాబట్టి పొగ గొట్టాల వరుస ముక్కు కింది భాగంలో ఉంటుంది. సినిమాలోని విమానానికి ఆ వరుస పైన ఉంది, ముక్కు కింద గడ్డం ఉబ్బినట్టుంది. విమానాలు ఎరిగినవాళ్లకు ఈ ఒక్క ఆనవాలు చాలు. మిగతావాళ్లకు ఎన్నిసార్లు చూసినా అది జర్మన్ విమానమే.

కొన్ని తప్పులు చిత్ర నిర్మాతల చేతుల్లో ఉండవు. 1943 మే నెలలో బ్రిటిష్ లాంకాస్టర్ విమానాలు జర్మనీ ఆనకట్టలను కొట్టిన కథతో 1955లో 'ది డ్యామ్ బస్టర్స్' వచ్చింది. ఆ దాడిలో వాడిన బాంబు అసలు ఆకారం పీపాలాంటిది. విడిచేముందు దాన్ని నిమిషానికి 500 చుట్ల వేగంతో వెనక్కి తిప్పేవారు. సినిమా తీసేనాటికి ఆ వివరాలు ఇంకా రహస్యమే. అందుకే తెర మీద వేరే ఆకారంలో, గుండులాంటి బాంబు కనిపిస్తుంది. ఇలాంటి తప్పులు చిన్నవని నేను అనను. చరిత్రకు సంబంధించినంతవరకు ఇవి పెద్దవే. ఒక తరం సినిమాను చూసే చరిత్ర నేర్చుకుంటే, తప్పుడు బాంబే వాళ్ల మనసులో మిగిలిపోతుంది. కానీ పదేళ్ల పిల్లాడు పట్టుకున్నది ఇలాంటి తప్పును కాదు. వాడు పట్టుకున్నది తెలియాలంటే మనం కొబ్బరిచెట్టు కిందికి వెళ్లాలి.

కొబ్బరికాయ చెప్పే లెక్క

కోనసీమలో పెరిగినవాళ్లకు కొబ్బరికాయ చెట్టు మీంచి పడడానికి ఎంతసేపు పడుతుందో ఒంట్లోనే తెలుసు. కింద పడే ఏ వస్తువైనా మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు దిగుతుంది. రెండో సెకను పూర్తయ్యేసరికి మొత్తం 20 మీటర్లు దిగుతుంది. అంటే 20 మీటర్ల చెట్టు నుంచి కాయ నేలను తాకడానికి రెండు సెకన్లు. ఎత్తు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లే అయింది, ఎందుకంటే పడేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇప్పుడు ఆ చెట్టుకు నూరో వంతు నమూనా చేద్దాం. చెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు అవుతుంది. దాని మీంచి గింజంత కాయను వదిలితే సెకనులో అయిదో వంతులోనే నేల మీద ఉంటుంది. చెట్టు నూరు రెట్లు తగ్గింది గానీ కాలం పది రెట్లే తగ్గింది. భూమి ఆకర్షణ మన నమూనా కోసం తన బలం తగ్గించుకోదు కదా.

బొమ్మ విమానాన్ని పట్టిచ్చేది ఇదే. మండుతున్న బాంబర్ నమూనాను తీగ తెంపి వదిలితే అది బొమ్మ పడే వేగంతోనే పడుతుంది. చూసేవాడి కన్ను, తెలియకుండానే, 'ఇంత త్వరగా పడింది కాబట్టి ఇది చిన్న వస్తువు' అని లెక్క కట్టేస్తుంది. ఆ లెక్క బడిలో నేర్చుకున్నది కాదు. పసితనం నుంచి చేతిలోంచి జారిన గ్లాసులను, చెట్ల మీంచి పడిన కాయలను, గట్టు మీంచి దూకిన మనుషులను చూసి చూసి మెదడు తయారు చేసుకున్నది. పడే కాలాన్ని బట్టి ఎత్తును, ఎత్తును బట్టి సైజును అది అంచనా వేస్తుంది.

దీనికి విరుగుడు సినిమా వాళ్లకు చాలాకాలంగా తెలుసు. మామూలుగా సెకనుకు 24 బొమ్మలు తీసే కెమెరాను ఇంకా వేగంగా తిప్పి, తెర మీద మాత్రం 24 చొప్పునే చూపిస్తే కదలిక నెమ్మదిస్తుంది. ఎంత వేగంగా తిప్పాలన్నది కొబ్బరికాయ లెక్కే చెబుతుంది. నమూనా అసలుదానిలో నాలుగో వంతయితే కెమెరా వేగం రెండు రెట్లు, పదహారో వంతయితే నాలుగు రెట్లు, అంటే సెకనుకు 96 బొమ్మలు. నూరో వంతయితే పది రెట్లు, అంటే 240 బొమ్మలు కావాలి. కెమెరాను అంత వేగంతో తిప్పితే ఒక్కో బొమ్మ మీద వెలుతురు పడే సమయం తగ్గిపోతుంది కాబట్టి దీపాలు విపరీతంగా పెంచాలి, ఫిల్ము ఖర్చు కూడా పదింతలవుతుంది. డబ్బు తక్కువున్నచోట ఇక్కడే రాజీ పడ్డారు. నమూనా ఎంతో నగిషీగా చేసి, కెమెరా వేగం దగ్గర ఆదా చేసిన సినిమాలు ఎన్నో. తెర మీద ఆ నగిషీ ఎవరికీ కనిపించలేదు, తొందర మాత్రం అందరికీ కనిపించింది.

ఈ లెక్కను బాగా వంటబట్టించుకున్నవాడు జపాన్‌కు చెందిన ఎయిజి త్సుబురాయా. కాకినాడ మీద బాంబులు పడిన 1942లోనే, డిసెంబర్‌లో, పెర్ల్ హార్బర్ దాడికి ఏడాది నిండిన సందర్భంగా తోహో సంస్థ 'హవాయి మలయా సముద్ర యుద్ధం' అనే ప్రచార చిత్రాన్ని విడుదల చేసింది. అందులో పెర్ల్ హార్బర్ రేవును, నౌకలను, విమానాలను త్సుబురాయా నమూనాలతోనే సృష్టించాడు. యుద్ధం తర్వాత జపాన్‌ను ఏలిన అమెరికా అధికారులు ఆ దృశ్యాలను అసలు దాడి ఫిల్ము అనుకున్నారని చెబుతారు. అదే త్సుబురాయా 1954లో 'గాడ్జిల్లా'కు పనిచేశాడు. ఆ రాక్షసి అంత భారీగా నడిచినట్టు కనిపించడంలో ఉన్నదీ ఇదే సూత్రం. రబ్బరు తొడుగు లోపల మనిషి నడుస్తుంటే కెమెరా వేగం పెంచి తీశారు.

మన సినిమాల్లో ఒక ఉదాహరణ చూద్దాం. 1957 నాటి 'మాయాబజార్'లో కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కలిసి ద్వారక నగరాన్ని చిన్న నమూనాగా కట్టించి చూపించారు. నేటికీ అది చూసేవాళ్లకు నగరంలాగే అనిపిస్తుంది. వాళ్ల పనితనం గొప్పది, సందేహం లేదు. దానికి తోడు ఇంకో కారణం ఉందని నా అభిప్రాయం. ఆ నగరంలో ఏదీ పడదు, కూలదు, మండదు. నిలకడగా ఉన్న మేడలు తమకు పట్టే కాలం ఎంతో బయటపెట్టవు. గగన యుద్ధ చిత్రానికి ఆ వెసులుబాటు లేదు. అందులో పడడం, కూలడం, మండడమే కథ.

నీళ్లూ నిప్పూ సైజు తగ్గవు

కెమెరా వేగం సరిచేసినా లొంగనివి రెండున్నాయి. నమూనా ఓడను పదహారో వంతు చేయవచ్చు గానీ నీటిని పదహారో వంతు చేయలేం. నీటికి తలతన్యత అనే గుణం ఉంది. పైపొర సాగదీసిన గుడ్డలా బిగిసి, నీటిని చుక్కలుగా పట్టి ఉంచుతుంది. అందువల్ల చిమ్మిన నీళ్లు కొన్ని మిల్లీమీటర్ల చుక్కలుగా విడిపోతాయి. రేవులో పెద్ద బాంబు పడినా, తొట్టెలో టపాకాయ పేలినా చుక్క సైజు మాత్రం ఇంచుమించు అంతే. యాభయ్యో వంతు నమూనా పక్కన 3 మిల్లీమీటర్ల చుక్క ఎగిరితే తెర మీద అది 15 సెంటీమీటర్ల నీటి ముద్దలా, పొట్టు తీసిన కొబ్బరికాయంత కనిపిస్తుంది. నిజమైన సముద్రంలో పెద్ద పేలుడు జరిగితే అంతెత్తున లేచేది కోట్ల సన్నటి తుంపరలతో తెల్లటి పొగమంచులాంటి స్తంభం. నమూనా తొట్టెలో లేచేది ముత్యాల్లా విడివిడిగా కనిపించే చుక్కలు. దీన్ని సరిచేయడానికి నమూనాలను వీలైనంత పెద్దవిగా చేయడం తప్ప అప్పట్లో మంచి దారి లేదు.

'ది డ్యామ్ బస్టర్స్'లో ఎక్కువగా విమర్శకు గురైంది నీళ్లే. విమానాలు నిజమైన లాంకాస్టర్‌లు, వాటిని నడిపిన తీరు అద్భుతం. బాంబు పేలగానే ఆనకట్ట దగ్గర లేచే నీటి స్తంభాలు మాత్రం ఫిల్ము మీద అతికించినట్టు ఉంటాయి. తెగిన గోడలోంచి దూకే నీరు నీరులా ఉండదు. ధవళేశ్వరంలో కాటన్ బరాజ్ గేట్లు ఎత్తినప్పుడు వరద గోదావరిని చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. నిజానికి ఆ నీరు మహావేగంతో పోతుంది. కానీ దూరం నుంచి చూసేవాడికి నురగ నెమ్మదిగా, బరువుగా దొర్లుతున్నట్టు అనిపిస్తుంది. నెమ్మదిగా అనిపించడమే దాని పెద్దతనానికి గుర్తు. ఇంత చెప్పినా, ఆ చిత్రం 1956లో ప్రత్యేక ప్రభావాల విభాగంలో ఆస్కార్‌కు పోటీ పడిందన్నది మరిచిపోకూడదు. ఆనాటి పనిముట్లతో అంతకంటే బాగా చేయడం కష్టమని ఆనాటి నిపుణులకు తెలుసు.

నిప్పు సంగతీ అంతే. పెద్ద ట్యాంకు తగలబడితే మంటల నాలుకలు మెల్లగా లేచి, సుడులు తిరిగి, నల్లటి పొగలో కలిసిపోతాయి. చిన్న మంట రెపరెపలాడుతుంది. రెపరెపల లెక్క చూసే మనం అది చిన్న మంటని చెప్పేయగలం. అందుకే 'టోరా! టోరా! టోరా!'లో పేలుళ్లను చాలావరకు అసలు సైజులోనే తీశారు. ఆ సినిమాలో అందరూ నమ్మే దృశ్యం ఒకటుంది. చక్రం ఒకటి దిగక, ఒంటి చక్రం మీద నేల వాలి, రెక్క ఈడ్చుకుంటూ పోయే బి-17 బాంబర్. అది ప్రత్యేక ప్రభావం కాదు. చిత్రీకరణకు తెచ్చిన విమానం చక్రం నిజంగానే ఇరుక్కుపోతే ఆ దిగడాన్ని కెమెరాలో పట్టి, సినిమాలో చేర్చుకున్నారు. టన్నుల బరువు రెక్క మీదికి ఎంత తీరుబడిగా ఒరిగిందో చూస్తే మిగతా వాదన అక్కర్లేదు.

మబ్బు లేని ఆకాశం, వెనక్కి తిరిగే పంకా

కాలం తప్పు కొన్నిసార్లు కెమెరా వల్లనే పుడుతుంది. మొట్టమొదటి ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచిన 'వింగ్స్' (1927) దర్శకుడు విలియం వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో పోరాట దృశ్యాలు తీయడానికి ఒప్పుకోక, మబ్బుల కోసం ఎదురుచూస్తూ నిర్మాతలను హడలెత్తించాడు. అతని మాటలో న్యాయముంది. వేగమనేది పక్కన ఇంకేదైనా ఉంటేనే కంటికి తెలుస్తుంది. ఉత్త నీలాకాశంలో రెండు విమానాలు కలిసి గంటకు రెండు వందల కిలోమీటర్లు పోతున్నా గాలిలో వేలాడుతున్నట్టే ఉంటాయి. దగ్గరి మబ్బు వేగంగా, దూరపు మబ్బు మెల్లగా వెనక్కి జరిగితేనే వేగమూ దూరమూ బుర్రకెక్కుతాయి. తర్వాతి కాలంలో స్టూడియోలో నిలబెట్టిన విమానం వెనక తెర మీద ఆకాశం ఫిల్ము నడిపిన సినిమాలన్నిటికీ ఇక్కడే దెబ్బ తగిలింది. మబ్బులన్నీ ఒకే తెర మీద, ఒకే దూరంలో, ఒకే వేగంతో జరుగుతాయి.

ఇక పంకా. ఆగి ఉన్న విమానం స్టార్టయ్యేటప్పుడు దాని పంకా కాసేపు ముందుకు, కాసేపు వెనక్కి తిరిగినట్టు, మధ్యలో ఆగినట్టు తెర మీద కనిపిస్తుంది. చాలామంది దీన్ని ట్రిక్కు అనుకుంటారు. నిజమైన విమానాన్ని నిజంగా తీసినా ఇలాగే వస్తుంది. మూడు రెక్కల పంకా నిమిషానికి 480 సార్లు తిరుగుతుందనుకోండి. అంటే సెకనుకు 8 చుట్లు. కెమెరా తీసే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య పంకా సరిగ్గా మూడో వంతు చుట్టు తిరుగుతుంది. ఒక రెక్క ఉన్నచోటికి పక్క రెక్క వచ్చి నిలుస్తుంది. మూడూ ఒకేలా ఉంటాయి కాబట్టి పంకా కదల్లేదనే అనిపిస్తుంది. వేగం కొంచెం తగ్గితే ప్రతి బొమ్మలోనూ రెక్క ఆ చోటికి కాస్త ముందే ఆగిపోతుంది, అప్పుడు పంకా వెనక్కి తిరిగినట్టుంటుంది. ఇది తప్పు కాదని, కాలాన్ని ముక్కలుగా కోసి చూపించే యంత్రానికి ఉన్న హద్దని తెలిస్తే చాలు.

చెవికి ఆలస్యంగా చేరే యుద్ధం

కార్తీకంలో అన్నవరం సత్యదేవుని తెప్పోత్సవం రాత్రి పంపా జలాశయం మీద బాణసంచా కాలుస్తుంటే కొండ మీంచి చూసేవాళ్లకు ముందు వెలుగు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. శబ్దం సెకనుకు 340 మీటర్లే పోగలదు కాబట్టి 700 మీటర్ల దూరానికి రెండు సెకన్ల ఎడం. ఇదే లెక్కన కాకినాడలో పేలిన బాంబు చప్పుడు, ఒకవేళ వినపడేంత పెద్దదైతే, రత్నగిరికి చేరడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. సినిమాల్లో మాత్రం మైళ్ల దూరాన మెరుపు మెరిసిన క్షణంలోనే చెవులు పగిలేలా మోగుతుంది. అన్ని యుగాల యుద్ధ చిత్రాల్లోనూ ఇంత స్థిరంగా జరిగే తప్పు మరొకటి లేదు.

శబ్దంలో ఇంకో లోతైన తప్పుంది. అన్నవరం స్టేషన్‌లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూత వినండి. మన దగ్గరికి వచ్చేటప్పుడు శ్రుతి హెచ్చుగా ఉండి, దాటగానే ఒక్కసారిగా దిగిపోతుంది. ఎదురొచ్చే వస్తువు నుంచి శబ్ద తరంగాలు ఒత్తుగా, వెళ్లిపోయే వస్తువు నుంచి పలచగా చేరడం వల్ల వచ్చే ఈ మార్పును డాప్లర్ ప్రభావం అంటారు. బండి గంటకు 110 కిలోమీటర్లతో పోతే శ్రుతి హార్మోనియం మీద మూడు మెట్లు దిగుతుంది. కాకినాడ మీదికి వచ్చిన కేట్ పూర్తి వేగం గంటకు దాదాపు 380 కిలోమీటర్లు. ఆ వేగంతో తల మీదుగా తక్కువ ఎత్తులో దూసుకుపోతే శ్రుతి పదకొండు మెట్లు, అంటే పై షడ్జం నుంచి ఇంచుమించు కింది షడ్జం దాకా జారిపోతుంది. స్టూడియోలో ఇంజను చప్పుడును ఒకే శ్రుతిలో రికార్డు చేసి, విమానం దాటినప్పుడు గొంతు మాత్రమే పెంచి తగ్గించిన సినిమాల్లో ఆ ఊపు రాదు. చూస్తున్నవాడికి ఏదో వెలితి అనిపిస్తుంది గానీ అదేమిటో చెప్పలేడు.

బాంబు ఈల మరో విచిత్రం. సినిమాల్లో నేల మీద పరిగెత్తే జనాన్ని చూపిస్తూ, పై నుంచి కిందికి జారే శ్రుతిలో ఈల వినిపిస్తారు. అలా జారేది తనకు దూరమవుతున్న బాంబును పై నుంచి వినేవాడికి. తన మీదికే వేగం పుంజుకుంటూ వచ్చే బాంబు ఈల శ్రుతి పెరుగుతూ పోవాలి. అలాగే జర్మనీ స్టూకా విమానం చక్రాల కాళ్లకు, జనాన్ని బెదరగొట్టడానికి బిగించిన సైరన్ కూతను సినిమాలు కూలిపోయే ప్రతి విమానానికీ అరువిచ్చేశాయి. మామూలు విమానం పడేటప్పుడు ఆ కూత వేయదు.

బాంబు దారి కూడా కాలం లెక్కే. విమానం నుంచి విడిచిన బాంబు తిన్నగా కిందికి పడదు. విమానానికున్న వేగం దానికీ ఉంటుంది. పెర్ల్ హార్బర్‌లో ఎత్తు నుంచి బాంబులు వేసిన కేట్‌లు సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఎగిరాయి. అంత ఎత్తు నుంచి పడడానికి దాదాపు 25 సెకన్లు కావాలి. విమానం గంటకు 250 కిలోమీటర్లతో పోతుంటే ఆ 25 సెకన్లలో బాంబు ముందుకూ ఇంచుమించు 1,700 మీటర్లు పోతుంది. గాలి అడ్డు వల్ల కొంచెం తగ్గుతుంది, అంతే. కాబట్టి కాకినాడ రేవులో నౌక మీద బాంబు వేయాలంటే విమానం ఇంకా ఒకటిన్నర కిలోమీటర్ల దూరాన ఉండగానే మీట లాగాలి. తెర మీద పైలట్ సరిగ్గా ఓడ నడినెత్తికి వచ్చి బాంబు విడిచాడంటే అది ఓడను దాటి ఎక్కడో పడాల్సిందే.

"సినిమాయే కదా" అనేవారికి

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. సినిమా కల్పన, ఇంత లెక్క ఎందుకన్నది మొదటిది. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు కొండంత పెరిగితే ఎవరం ప్రశ్నించం, నిజమే. అక్కడ మాయ జరుగుతుందని కథే ముందుగా చెప్పింది. యుద్ధ చిత్రం అలా చెప్పదు. తేదీ వేస్తుంది, ఊరి పేరు వేస్తుంది, ఇది జరిగిందంటుంది. ఆ మాట అన్న తర్వాత వస్తువు బరువు, శబ్దం దూరం లాంటివి ఇష్టం వచ్చినట్టు మార్చే హక్కు దానికి లేదని నా నమ్మకం.

రెండో అభ్యంతరం బలమైనది. నిజం నిజంలా కనిపించని సందర్భాలున్నాయి. డ్యామ్ దాడిలో విమానాలు నీటికి 60 అడుగుల ఎత్తులో ఎగిరాయి. ఆ ఎత్తును రాత్రిపూట కొలవడానికి విమానం కింద రెండు దీపాలు పెట్టి, వాటి వెలుగు వలయాలు నీటి మీద సరిగ్గా 60 అడుగుల దగ్గర తాకేలా వంచారు. సినిమాలో ఆ ఆలోచన దాడికి నాయకుడైన గిబ్సన్‌కు నాటకశాలలో తట్టినట్టు చూపించారు. నిజానికి అది బెంజమిన్ లాక్‌స్పైజర్ అనే శాస్త్రజ్ఞుడిది. చరిత్ర తప్పింది గానీ దీపాల లెక్క తప్పలేదు. అయితే చిత్రీకరణలో 60 అడుగుల ఎత్తు కెమెరాకు ఎక్కువగా కనిపించిందనీ, పైలట్లు 40 అడుగులకు దిగి ఎగిరారనీ చెబుతారు. దీన్ని నేను తప్పనను. కంటికి కలిగే అంచనాను కెమెరా చెడగొడితే దాన్ని తిరిగి నిలబెట్టడం దర్శకుడి పని. అలాగే ప్రతి పేలుడు చప్పుడునూ లెక్క ప్రకారం ఆలస్యం చేస్తే ప్రేక్షకుడు తికమకపడవచ్చు. కానీ దూరపు దృశ్యాల్లో, ముందు మెరుపు చూపించి, నిశ్శబ్దంగా కొన్ని సెకన్లు ఆపి, ఆ తర్వాత మోత వినిపిస్తే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. పైసా ఖర్చు లేని ఈ పనిని ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

మూడోది, కంప్యూటర్ వచ్చాక ఈ బాధ తీరిందన్న మాట. 2001లో వచ్చిన 'పెర్ల్ హార్బర్'లో కెమెరా బాంబు వెంటే ఓడ మీదికి దిగే దృశ్యం చూసి లోకం నోరెళ్లబెట్టింది. కానీ అదే సినిమాలో, 1941 నాటి జీరోలకు లేత బూడిద రంగు ఉండాల్సింది, ముదురాకుపచ్చ పూశారు. ఇప్పుడు మన తెలుగులోనూ 2017లో 'ఘాజీ', 2024లో 'ఆపరేషన్ వాలెంటైన్' లాంటి చిత్రాల్లో సముద్రం, ఆకాశం, యుద్ధ యంత్రాలు చాలావరకు కంప్యూటర్ మీదే తయారవుతున్నాయి. నీటి చుక్క సైజును కూడా ఇప్పుడు కావలసినట్టు మార్చవచ్చు. అయితే కంప్యూటర్‌కు వస్తువు ఎంత పెద్దదో పుట్టుకతో తెలియదు. పొగను, నీటిని, శకలాలను కదిలించే సాఫ్ట్‌వేర్ మనం ఇచ్చిన కొలతనే నమ్మి భూమి ఆకర్షణ లెక్క కడుతుంది. పెర్ల్ హార్బర్‌లో మునిగిన 185 మీటర్ల అరిజోనా నౌకను గీసిన కళాకారుడు ఒక గడి అంటే ఒక మీటరని చెప్పడం మరిచి, సెంటీమీటరుగా వదిలేస్తే, ఆ యంత్రం దృష్టిలో అది 185 సెంటీమీటర్ల నమూనా ఓడ. దాని మీంచి ఎగిరిన ఇనుప ముక్కలు పది రెట్లు తొందరగా నీళ్లలో పడతాయి, పొగ దీపావళి చిచ్చుబుడ్డి పొగలా చురుగ్గా లేస్తుంది. అనుభవమున్న ప్రభావాల కళాకారులు దృశ్యం తెరవగానే ముందుగా కొలతల పట్టీ చూసుకునేది అందుకే.